మొదటి మూడు రోజులు

(అమ్రాబాద్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సముద్రం మీద బతికే ఆడవాళ్ల గురించి చెప్పమని నన్ను పిలిచారు. నిన్న సాయంత్రం హాజీపూర్ దాటి మన్ననూరు వైపు ఘాట్ ఎక్కుతుంటే నాకే నవ్వొచ్చింది. చుట్టూ నల్లమల. ఎటు చూసినా కొండలు, చెట్లు. ఈ అడవిలో కూర్చుని అలల గురించి చెప్తే ఎవరు వింటారు అనుకున్నాను. కానీ పొద్దున మీరంతా మాట్లాడుకుంటున్నప్పుడు ఒక చెంచు అక్క ఒక మాట అంది. "తేనెకు పోయిన మనిషి తిరిగొచ్చేదాక పొయ్యి దగ్గర నాకు కుదురుండదు" అని. ఆ మాట మా అమ్మ అన్నట్టే ఉంది. అందుకే రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టి, మా ఇంటి సంగతే చెప్తాను.

మాది శ్రీకాకుళం జిల్లాలో భావనపాడుకు దగ్గర్లో ఒక పల్లె. మా అయ్య, తాత, వాళ్ల తాత అందరూ తెప్ప మీద వేటకెళ్లిన వాళ్లే. తెప్ప అంటే మీకు తెలిసిన పుట్టి లాంటిది కాదు. తేలికైన నాలుగైదు దుంగల్ని చెక్కి, పక్కపక్కన పెట్టి, కొబ్బరి పీచు తాళ్లతో బిగించి కడతారు. తమిళంలో దాన్ని కట్టుమరం అంటారు. అంటే కట్టిన మాను అని. మూడు వందల ఏళ్ల కిందట మన తూర్పు తీరానికి వచ్చిన ఇంగ్లీషు నావికులు ఆ మాటని పట్టుకుపోయి కాటమరాన్ చేశారు. విలియం డాంపియర్ అనే నావికుడు 1697లో అచ్చయిన తన పుస్తకంలో దాని గురించి రాశాడు. ఇవాళ ప్రపంచంలో డబ్బున్నవాళ్లు విహారానికి వెళ్లే జంట అడుగుల తెరచాప పడవల్ని కూడా కాటమరాన్లే అంటారు. మన పేదవాడి తెప్ప పేరు అంత దూరం వెళ్లింది. ఆ తెప్పని నడిపించిన ఇళ్లలోని ఆడవాళ్ల పేర్లు మాత్రం మా ఊరి రిజిస్టరులోకి కూడా ఎక్కలేదు. నేను చెప్పబోయేది దాని గురించే.

నాకు పదకొండేళ్లప్పుడు, అంటే 1970ల మొదట్లో, మా అయ్య వాళ్లు తీరం వెంట ఉత్తరానికి వేటకెళ్లారు. చేపలు ఎటు ఉంటే అటు తీరం పట్టుకుని పోవడం మా వాళ్లకి అలవాటు. పూరీ ఒడ్డున పెంటకోట అని ఒక బస్తీ ఉంది. అక్కడ ఇప్పటికీ ఇళ్లలో తెలుగే వినపడుతుంది. ఒడియా వాళ్లు మమ్మల్ని నోలియాలంటారు. మాఘమాసం దాటి దక్షిణపు గాలి తిరిగాక తెరచాప ఎత్తితే తెప్ప పూరీ వైపు దానంతటదే పోతుంది. ఉత్తరపు గాలి మొదలయ్యాక ఇంటికి తిరుగుతుంది. నెలల తరబడి సాగే ప్రయాణం అది. దాని మొదటి మూడు రోజులు నేను కళ్లారా చూశాను. తెప్ప మీద కాదు, ఒడ్డు మీద నడుస్తూ.

మీరు అడగొచ్చు, మగవాళ్లు తెప్ప మీద పోతుంటే ఆడవాళ్లు ఒడ్డు మీద నడవడమెందుకని. తెప్పకి గది ఉండదు, గోడ ఉండదు. నీళ్లు దుంగల సందుల్లోంచి పైకొస్తాయి, అల కొడితే మీద నుంచి పోతాయి. అందుకే అది మునగదు. అందుకే దాని మీద ఏదీ పొడిగా ఉండదు. బియ్యం, చోళ్లు, అగ్గిపెట్టె, పొడి బట్టలు, కప్పుకునే దుప్పటి ఒక్కటీ పెట్టడానికి వీల్లేదు. మంచినీళ్ల కుండ ఒకటి, మూతి బిగించి కట్టిన అంబలి ముంత ఒకటి, వలలు. అంతే. ఇంక పొడిగా ఉండాల్సిన సంసారమంతా నేల మీద మా నెత్తిన వెళ్లాలి. నడిచినంత దూరం నడిచి, ఆ తర్వాత రైలెక్కి పూరీ చేరుకోవాలి.

మొదటి రోజు తెల్లవారకముందే అమ్మ, పిన్ని తెప్పలకి పసుపు రాసి బొట్టు పెట్టారు. గంగమ్మకి దణ్ణం పెట్టి కొబ్బరికాయ కొట్టారు. పిన్ని చంకలో ఏడాది పిల్లాడున్నాడు. నాలుగు తెప్పలు, పన్నెండు మంది మగవాళ్లు. ఒక్కో దుంగా నలుగురు మోసుకెళ్లి అల అంచున కట్టాలి. మనుషులు చాలక అమ్మ కూడా భుజం పట్టింది. దుంగగా ఉన్నంతసేపూ ఆమె మోయొచ్చు. దాన్ని కట్టి తెప్ప చేశాక మాత్రం ఆడది కాలు పెట్టకూడదు. పెడితే గంగమ్మకి కోపమొస్తుందట. నేను వల దాటబోతే మామ్మ నన్ను లాగి ఒక్కటిచ్చింది. ఆ వలకి జనపనార వడికింది ఆవిడే. చెట్టు బెరడు ఉడకేసిన నీళ్లలో దాన్ని నానబెట్టి రంగు పట్టించింది మా అమ్మ. వడికేటప్పుడు లేని మైల దాటేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు బాగానే అర్థమవుతోంది.

బయల్దేరే ముందు ఇంకో పని జరిగింది. మగవాళ్లెవరూ దాన్ని ప్రయాణంలో భాగమని లెక్కపెట్టరు. మా అమ్మ ముక్కుపుడక, పిన్ని కాళ్ల కడియాలు సావుకారు దగ్గరికి వెళ్లాయి. కొత్త తాళ్లు, తెరచాప గుడ్డ, దారి ఖర్చులు, ఇంటి దగ్గర ఉండిపోయే ముసలివాళ్లకి తిండిగింజలు అన్నీ ఆ డబ్బుతోనే. బదులుగా పట్టిన చేపలో మంచిదంతా ఆయన చెప్పిన ధరకే ఇవ్వాలి. మిగిలింది ఎండబెట్టి, సంతలో అమ్మి, వడ్డీ కట్టాల్సింది అమ్మ. వేటకి మదుపు పెట్టినవాడు సావుకారు, వేటకెళ్లినవాడు అయ్య. కడియాలు పెట్టిన పిన్ని ఎవరో ఎవరూ చెప్పలేదు.

తెప్పలు అలలు దాటి తెరచాపలు ఎత్తగానే మేం నడక మొదలుపెట్టాం. మామ్మ, అమ్మ, పిన్ని, ఇంకో అయిదుగురు ఆడవాళ్లు, ఆరుగురు పిల్లలం. నెత్తిన తట్టలు, కుండలు. ఒడ్డున తడి ఇసుక గట్టిగా ఉంటుంది కాబట్టి దాని మీదే నడవాలి. పోటు ఎక్కితే మెత్తటి ఇసుకలోకి జరగాలి, అక్కడ చీలమండల దాకా దిగబడుతుంది. మామ్మ కళ్లు ఎప్పుడూ నీళ్ల మీదే. "బేగి నడవ్వే గుంటా, తెరసాప కనపడకుండా పోతాది" అని ఒకటే పోరు. గాలి బాగుంటే తెప్ప మమ్మల్ని దాటిపోయేది. గాలి పడిపోతే వాళ్లు తెడ్లు వేసేవాళ్లు, మేం ముందుకెళ్లిపోయేవాళ్లం. మొదటి రాత్రి నువ్వలరేవు దగ్గర ఇసుకలో ఆగాం.

రాత్రి ఆగడం అంటే నిద్రపోవడం అనుకునేరు. తెప్పలు ఒడ్డుకి రాగానే విప్పి దుంగల్ని పైకి లాగాలి. రోజంతా నీళ్లు తాగిన దుంగలు ఆరకపోతే మర్నాడు బరువెక్కి సరిగ్గా తేలవు. మగవాళ్లు ఉప్పునీళ్లలో నాని, కాళ్లు తెల్లగా ముడతలు పడి, వణుకుతూ వస్తారు. వాళ్ల కోసం అప్పటికే మంట వేసి ఉండాలి. మంచినీళ్లు ఎక్కడున్నాయో కనుక్కుని తెచ్చి ఉండాలి. చేపలు పడితే కోసి, కడిగి, ఉప్పు వేసి, పొద్దున్నే ఎండకి పరచాలి. అవన్నీ అయ్యాక మర్నాటికి చోడి అంబలి కాచి ముంతలకెత్తాలి. ఆ రాత్రి అమ్మ ఎప్పుడు పడుకుందో నాకు తెలియదు. నేను పడుకునేసరికి ఆమె కూర్చునే ఉంది, లేచేసరికీ కూర్చునే ఉంది.

రెండో రోజు ఎండ. ఒక కాలవ అడ్డొచ్చింది. నడుములోతు నీళ్లు. తట్టలు తడవకుండా నెత్తిన పట్టుకుని దాటాలి. మమ్మల్ని ఒక్కొక్కరినీ అమ్మ చేత్తో పట్టుకుని దాటించింది. అటు సముద్రం మీద మా అయ్య వాళ్లు దాటింది కూడా అదే కాలవ మొగే. ఆ సంగతి తర్వాత ఎన్నేళ్లయినా ఊళ్లో కథలా చెప్పేవాళ్లు, మొగ దగ్గర అల ఎలా లేచింది, తెప్ప ఎలా నిలబడింది అని. మేం దాటిన సంగతి ఎవరూ చెప్పలేదు. అమ్మ కూడా చెప్పలేదు. అందులో చెప్పుకోవాల్సింది ఏముందని ఆమె నమ్మకం.

మూడో రోజు పొద్దుగుంకే వేళకి బారువ చేరాం. అక్కడి నుంచి ఆడవాళ్లు, పిల్లలు సోంపేట స్టేషనుకెళ్లి రైలెక్కాలి. తెప్పలు గోపాలపురం మీదుగా చిలక మొగ దాటి పూరీ చేరడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది. బారువ ఒడ్డున అయ్య నాతో ఒక మాటన్నాడు. "ఇక్కడి దాకా వచ్చామంటే పూరీ చేరినట్టే. మొదట్లోనే గండం" అని. కొత్త తాడు సాగుతుంది, కట్టు వదులవుతుంది, తెరచాప ఎక్కడ చిరుగుతుందో మొదటి రోజుల్లోనే తెలుస్తుంది. అప్పుడు సరిచేసుకుంటే ఆ తర్వాత సముద్రమే మోసుకుపోతుందని ఆయన లెక్క. ఆ మాట నాకు జీవితమంతా పనికొచ్చింది. ఎందుకో తర్వాత చెప్తాను.

పూరీలో వాటాలు వేసుకునే పద్ధతి చెప్పాలి. పట్టిన చేపని డబ్బు చేశాక, తెప్పకి ఒక వాటా, వలకి ఒక వాటా, ఎక్కిన మనిషికి ఒక్కో వాటా. దుంగలకి వాటా ఉంది. జనపనారకి వాటా ఉంది. మూడు రోజులు పొడి బియ్యాన్ని నెత్తిన మోసిన మనిషికి వాటా లేదు. ఒకసారి మామ్మ నవ్వుతూనే అడిగింది, "దుంగపాటి సెయ్యమేంట్రా మేము" అని. అందరూ నవ్వేశారు. ఇంట్లో ఆడదాని పనికి వాటా ఏమిటి అన్నట్టు. దీన్ని ఇవాళ మనం సదస్సుల్లో అదృశ్య శ్రమ అని పిలుస్తున్నాం. మా మామ్మకి ఆ మాట తెలియదు గానీ ప్రశ్న తెలుసు.

ఇప్పుడు కష్టమైన సంగతి. రెండేళ్ల తర్వాత అదే ప్రయాణంలో, అదే మొదటి రోజుల్లో, మొగ దగ్గర మా చిన్నాన్న తెప్ప తిరగబడింది. తోటివాళ్లిద్దరూ తెప్పని పట్టుకుని ఒడ్డుకొచ్చారు. చిన్నాన్న రాలేదు. శరీరం దొరకలేదు. మేం ఒడ్డు మీదే ఉన్నాం. పిన్ని నెత్తిన ఆయన పొడి బట్టల మూట అలాగే ఉంది.

అప్పుడు ఆమెకి ఇరవై నాలుగేళ్లు. పెద్దవాళ్లు గాజులు తీయించలేదు, శరీరం కనపడలేదు కదా, వస్తాడేమో అని. శుభకార్యాలకి పిలవనూ లేదు, ఏమో, పోయాడేమో అని. సాయం అడగడానికి ఒక ఆఫీసుకెళ్తే "శవమేది? మరణ ధ్రువపత్రమేది?" అన్నారు. ధ్రువపత్రం కోసం ఇంకో ఆఫీసుకెళ్తే "ఫిర్యాదు ఎప్పుడిచ్చారు? ఎక్కడిచ్చారు?" అన్నారు. ఎవరూ ఇవ్వలేదు. ఆ మూడు రోజులు మగవాళ్లంతా వెతుకుతూనే ఉన్నారు, ఆడవాళ్లంతా ఏడుస్తూనే ఉన్నారు. కాగితం మీద ఒక్క ముక్క రాయించాలని ఎవరికీ తోచలేదు. "ఆయన తెప్ప మీద ఉన్నాడని రుజువేంటి?" అని కూడా అడిగారు. తెప్ప మీద ఎవరు ఎక్కారో రాసుకునే అలవాటు మా ఊళ్లో లేదు. పిన్ని తిరిగి తిరిగి మానేసింది. ఎండు చేపలు అమ్మి కొడుకుని పెంచింది. సావుకారు దగ్గర పెట్టిన కడియాలు మళ్లీ రాలేదు.

చట్టం ఏం చెప్తోందో చూద్దాం. ఒక మనిషి గురించి తెలియాల్సిన వాళ్లకి ఏడేళ్లపాటు ఏ కబురూ అందకపోతే, బతికే ఉన్నాడని రుజువు చేసే బాధ్యత అలా అనేవాళ్ల మీద పడుతుంది. ఇది 1872 నాటి సాక్ష్యాల చట్టంలో 108వ సెక్షను. దాని స్థానంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో కూడా అదే ఏడేళ్ల గడువు ఉంది. ఆస్తి కోసం కొట్టుకునే వాళ్ల కోసం అల్లిన సూత్రంలా ఉంటుంది అది. రేపటి గింజల కోసం చూసే ఆడదానికి ఏడేళ్లంటే ఏమిటి? పెద్ద విపత్తులు వచ్చినప్పుడు ప్రభుత్వాలు ప్రత్యేక ఉత్తర్వులిచ్చి గడువు చూడకుండా పరిహారం ఇస్తుంటాయి. కానీ ఒక్క తెప్ప తిరగబడితే, ఒక్క మనిషి పోతే, అది విపత్తు కింద లెక్కకు రాదు.

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకి దక్షిణాన తీరం దాటిన తుఫాను మీలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. చనిపోయినవాళ్లూ, గల్లంతైనవాళ్లూ కలిపి వెయ్యి దాటారు. గోదావరి మొగల దగ్గరి పల్లెల్లో చాలామంది మగవాళ్లు ఆ సమయంలో నీళ్ల మీదే ఉన్నారు. తర్వాత నేను అటు వెళ్లినప్పుడు ఏ ఇంటి ముందు కూర్చున్నా మా పిన్నే కనపడింది.

ఇప్పుడు ప్రయాణాలు మారాయి. తెరచాప తెప్పలు దాదాపు పోయి ఫైబరు తెప్పలు, ఇంజన్లు వచ్చాయి. మా జిల్లా కుర్రాళ్లు పూరీకి బదులు గుజరాత్‌లోని వేరావల్ వెళ్తున్నారు. ఇంకొకరి మరబోటు మీద నెలల తరబడి కూలికి. 2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లని పాకిస్తాన్ అధికారులు తమ జలాల్లోకి వచ్చారని పట్టుకున్నారు. కరాచీ జైలులో పెట్టారు. 2020 జనవరి 6న వాఘా దగ్గర 20 మందిని మనకి అప్పగించారు. ఆ పద్నాలుగు నెలలు డి.మత్స్యలేశం లాంటి పల్లెల్లో ఆడవాళ్లు వినతిపత్రాలు పట్టుకుని నాయకుల చుట్టూ, అధికారుల చుట్టూ తిరిగారు. చంటిపిల్లలతో తిరిగారు. ఆ సంఘటన ఆధారంగా 2025లో సినిమా కూడా వచ్చింది. నేనూ చూశాను. బాగుంది. కానీ నాకు సినిమా కంటే కాగితాల గురించి ఎక్కువ తెలుసు. విదేశంలో చిక్కిన మనిషి మనవాడే అని తేలాలంటే పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు, గుర్తింపు పత్రం, బోటు నంబరు అన్నీ సరిపోవాలి. అవి ఇంట్లో ఉన్న ఆడమనిషి చేతిలో ఉంటే పని ముందుకి నడుస్తుంది. లేకపోతే బోటు యజమాని ఎప్పుడు దయతలుస్తాడా అని చూస్తూ కూర్చోవాలి.

అందుకే మా అయ్య మాట నాకు పనికొచ్చిందన్నాను. మొదట్లోనే గండం. మనిషి బయల్దేరిన మొదటి రోజుల్లో ఏ కాగితం రాసుకున్నామో, మనిషి పోయిన మొదటి రోజుల్లో ఏ కాగితం రాయించామో, దాన్ని బట్టే ఆ ఇంటి ఆడదాని హక్కులు నిలబడతాయి. తర్వాత ఎంత పోరాడినా ఆ మొదటి రోజుల్ని తిరిగి తెచ్చుకోలేం.

ఇక్కడ ఇంకో ప్రయాణం చెప్పాలి. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి మన నౌకాదళానికి చెందిన ఆరుగురు ఆడవాళ్లు తారిణి అనే తెరచాప పడవ మీద భూమి చుట్టూ తిరిగి రావడానికి బయల్దేరారు. వర్తికా జోషి వాళ్లకి నాయకురాలు. అందులో ఇద్దరు మనవాళ్లు, విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కి చెందిన బి.ఐశ్వర్య. పడవ పొడవు 56 అడుగులు. అక్టోబరు 23న ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్‌లో మొదట ఆగారు. 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్లు తిరిగి 2018 మే 21న గోవాకి చేరారు.

ఆ వార్త విన్న రోజు నేను మా మామ్మని తలుచుకున్నాను. ఆడది కాలు పెడితే గంగమ్మకి కోపమన్నారు. ఆరుగురు కాలు పెట్టి భూగోళం చుట్టి వచ్చారు. గంగమ్మ ఏమీ అనలేదు. అయితే నేను గమనించింది ఇంకొకటి. ఆ పడవ మీద ఎవరున్నారు, ఎక్కడున్నారు, ఆ రోజు గాలి ఎటు అన్నది మొదటి రోజు నుంచీ పుస్తకంలో ఎక్కుతుంది. వాళ్లకేమైనా అయితే వెతకడానికి దేశం ఉంది. మా విశాఖ తీరంలోనే తెప్ప మీద వెళ్లినవాడి పేరు పుస్తకంలో ఉండదు, ఒడ్డున ఎదురుచూసే మనిషి పేరు అసలే ఉండదు. ఆ ఆరుగురి విజయం మనది అనుకోవడం మంచిదే. వాళ్లకి దొరికిన ఆ పుస్తకం కూడా మనకి కావాలని అడగాలి.

మళ్లీ అమ్రాబాద్‌కి వస్తాను. మీకు సముద్రం లేదు గానీ ఈ సంగతులన్నీ ఉన్నాయి. శ్రీశైలం డ్యామ్ కోసం 1981లో కృష్ణ ఒడ్డున ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ నీళ్లు నిండాక మా తీరం నుంచి చాలా కుటుంబాలు చేపల వేటకి ఇక్కడికి వచ్చాయి. మా పెదనాన్న కొడుకులు కూడా అలాగే వచ్చి ఒడ్డున గుడిసెలేసుకున్నారు. వాళ్ల ఆడవాళ్లు పుట్టి తెడ్డు వేస్తారు, వల లాగుతారు. అంటే సముద్రం మీద లేని చోటు నీటిమీద దొరికింది. కాగితం మీద మాత్రం దొరకలేదు. అటు సొంత ఊళ్లో వాళ్లు లేరు కాబట్టి లెక్కలో లేరు. ఇటు పుట్టింది ఇక్కడ కాదు కాబట్టి లెక్కలో లేరు.

నిరుడో మొన్నో జరిగినట్టే ఉంది, 2025 ఫిబ్రవరి 22న మీ మండలంలోనే, దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కాశ్మీర్ నుంచి వచ్చిన మనుషులు. వారాల తరబడి వెతికితే ఇద్దరి శరీరాలే బయటికొచ్చాయి. ఎక్కడో ఉన్న వాళ్ల ఇళ్లలోనూ ఒక పిన్ని ఉంటుంది. ఆమె భాష నాకు రాదు. ఆమె కూర్చున్న తీరు మాత్రం తెలుసు.

అయితే మీ దగ్గర మాకు లేనిదొకటి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టంలో పెళ్లయినవాళ్లకి ఇచ్చే భూమి పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉండాలని నాలుగో సెక్షనులో రాశారు. ఒంటరి మనిషి ఇంటిపెద్దగా ఉంటే ఆమె పేరు మీదే ఇవ్వాలి. గ్రామసభ వేసే అటవీ హక్కుల కమిటీలో మూడో వంతుకి తగ్గకుండా ఆడవాళ్లుండాలి. ఇంకో సంగతి కూడా ఉంది, చాలామంది చూడరు. అదే చట్టం మూడో సెక్షనులో సామూహిక హక్కుల కింద నీటి వనరుల్లోని చేపలు కూడా ఉన్నాయి. అంటే చెంచు అక్కలకి అడవి మీదే కాదు, అడవిలోని నీళ్లలో చేప మీద కూడా హక్కు అడిగే దారి ఉంది. యురేనియం తవ్వకాలొద్దని ఇక్కడి జనం లేచి నిలబడ్డారు, 2019 సెప్టెంబరులో శాసనసభ తీర్మానం చేసేదాకా వదల్లేదు. అంత పెద్దదాన్ని ఆపినవాళ్లు పట్టాలో తమ పేరు ఉందో లేదో చూసుకోవడం మరిచిపోకూడదు. ఇంటికెళ్లి పట్టా కాగితం తీసి చూడండి. రెండు పేర్లూ ఉన్నాయా? మా దగ్గర పడవ రిజిస్ట్రేషను కాగితం మీద ఇద్దరి పేర్లూ వేయమని ఏ చట్టమూ చెప్పలేదు. మీకు చెప్పింది. దాన్ని వాడుకోండి. మేం మీ కాగితం చూపించి మాకూ అలా కావాలని అడుగుతాం.

చేయాల్సిన పనులు చెప్పి ముగిస్తాను. ఇవి పెద్ద పనులేమీ కాదు.

ఒకటి. ప్రతి మహిళా సంఘంలో ఒక బయల్దేరే పుస్తకం పెట్టండి. వేటకో, సొరంగం పనికో, ఇటుకల బట్టీకో, పట్నానికో మనిషి వెళ్తుంటే, పేరు, ఎవరి కింద, ఎక్కడికి, ఏ తేదీన, బోటు అయితే దాని నంబరు, యజమాని ఫోను నంబరు రాయండి. గుర్తింపు పత్రం నకలు ఒకటి ఆడమనిషి దగ్గర ఉంచండి. మా పల్లెల్లో కొన్ని చోట్ల మొదలుపెట్టాం. మొదట్లో మగవాళ్లు ఎగతాళి చేశారు. ఇప్పుడు వాళ్లే వచ్చి రాయించి వెళ్తున్నారు.

రెండు. మనిషి కనపడకపోతే వెతకడం మగవాళ్లు చేస్తారు. అదే రోజు ఒక ఆడమనిషి పోలీసు స్టేషనుకెళ్లి రాతమూలకంగా ఫిర్యాదిచ్చి, రసీదు తెచ్చుకోవాలి. వెంట వచ్చినవాళ్ల వాంగ్మూలాలు రాయించాలి. ఆ సమయంలో భార్యకి ఆ పని చేతకాదు. కాబట్టి సంఘం చేయాలి. ఇది కార్యకర్తలుగా మన బాధ్యత.

మూడు. చేపలు ఎండబెట్టే, అమ్మే ఆడవాళ్లు, పుట్టి నడిపే ఆడవాళ్లు మత్స్యకారుల సంఘాల్లో సభ్యత్వం అడగాలి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమా ఉంది, మరణిస్తే 5 లక్షలు. ప్రీమియం ప్రభుత్వాలే కడతాయి. నీళ్ల మీదికి వెళ్లేవాళ్లకే కాదు, చేపల అనుబంధ పనులు చేసేవాళ్లకీ అది వర్తిస్తుంది. కానీ జాబితాలో పేరు ఉండాలి. పేరు ఎక్కించమని అడగందే ఎవరూ ఎక్కించరు.

నాలుగు. వాటాల గురించి ఇంట్లో మాట్లాడండి. మా మామ్మ నవ్వుతూ అడిగింది. మనం నవ్వకుండా అడగాలి.

మా పిన్ని పోయి చాలా ఏళ్లయింది. పోయేదాకా ఆమె పెట్టెలో చిన్నాన్న పొడి బట్టల మూట ఉంది. ఆమె కొడుకు ఇప్పుడు పల్లెలో ఆ బయల్దేరే పుస్తకం రాస్తున్న పిల్లకి తండ్రి. పుస్తకం తెరిచిన రోజు ఆ పిల్ల మొదటి పేజీలో యాభై ఏళ్ల కిందటి ప్రయాణం రాసింది. నాలుగు తెప్పలు, పన్నెండు మంది మగవాళ్లు. వాళ్ల కింద గీత గీసి, ఒడ్డున నడిచినవాళ్లు అని రాసి, నన్ను పేర్లు అడిగింది. ఎనిమిది మంది ఆడవాళ్లలో నాకు అయిదుగురి పేర్లే గుర్తొచ్చాయి. మిగతా ముగ్గురి పేర్లు చెప్పగలిగినవాళ్లు ఊళ్లో ఎవరూ మిగల్లేదు. ఆ మూడు వరుసలు ఖాళీగానే ఉన్నాయి.

మీ పుస్తకాల్లో అలా ఖాళీలు ఉండకూడదని అడగడానికే ఇంత దూరం వచ్చాను.